సోలాపూర్‌లో ఎవరికేం తెలుసు

సోలాపూర్ దుప్పటి లేని ఇల్లు మా తెనాలిలో నేను చూడలేదు. చలికాలం రాగానే సైకిళ్ల మీద కట్టలు కట్టుకొచ్చి వీధి వీధీ తిరిగి అమ్మేవాళ్లు. ముతకగా, బరువుగా, ఒకవైపు ఒక రంగులో, తిరగేస్తే మరో రంగులో నెమళ్లో పువ్వులో ఉండేవి. మెడ దగ్గర గీరుకునేది. అయినా దాని కిందే హాయిగా నిద్ర పట్టేది. అది నేసే ఊరు మహారాష్ట్రలో ఉందని మాత్రం తెలుసు. నేసేవాళ్లలో ఎందరో తెలుగువాళ్లని, ఆ వీధుల్లో తెలుగే మాట్లాడతారని నలభై దాటి అక్కడికి వెళ్లేదాకా నాకు తెలియదు.

వెళ్లింది పని మీద. ఆ పనేమిటో ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నేను హైదరాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. సెలవుల్లో చిన్న ఫ్యాక్టరీల వాళ్లకు ఒక సాయం చేస్తుంటాను. ఆర్డర్లు, నూలు నిల్వ, తయారైన సరుకు అన్నీ ఒకేచోట చూపించే కంప్యూటర్ వ్యవస్థ కొనాలని వాళ్లకు మనసు పుడుతుంది. అమ్మేవాళ్లు బ్రహ్మాండం అంటారు. అది నిజంగా పనికొస్తుందో లేదో చూసి చెప్పడం నా పని. అందుకు కంప్యూటర్ సంగతి ముందు పక్కన పెట్టేస్తాను. ఆ ఫ్యాక్టరీలో ఎవరికి ఏం తెలుసు, తెలియనప్పుడు ఎవరు ఎవరిని అడుగుతారు అన్నది ఒక పెద్ద కాగితం మీద పటంలా గీస్తాను. మనుషులు చుక్కలు, అడగడాలు గీతలు. పటం పూర్తయితే ఏ గీత తెగితే పని ఆగిపోతుందో కనిపిస్తుంది. కొనబోయే యంత్రం ఆ గీతను కాపాడేదైతే కొనమంటాను. లేకపోతే డబ్బు దాచుకోమంటాను.

నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు చెప్పగా విని, సోలాపూర్ నుంచి అంబాదాస్ గారు ఫోన్ చేశారు. ఆయనకు దుప్పట్లు, తువ్వాళ్లు నేసే కార్ఖానా ఉంది. "ఒక్కసారి వచ్చి చూసి పోండ్రి మేడం. కొనాల్నా వద్దా మీరే చెప్పాలె" అన్నారు. వెనక మగ్గాల హోరులో సగం మాటలే వినిపించాయి.

స్టేషన్ బయట

రైలు దిగి బయటికి వస్తూ ఇంటికి ఫోన్ చేసి "చేరానమ్మా" అన్నానో లేదో, పక్కనుంచి "ఏడికి పోవాలె మేడం?" అని వినపడింది. ఆటో అతను. నా కంటే పెద్దవాడు, నుదుట విభూతి. "మీకెలా తెలుసు నేను తెలుగని?" అంటే, "ఫోన్ల మాట్లాడుతుంటే విన్న. మాది సుత మీ దిక్కే. మా తాత కరీంనగర్ దిక్కెల్లి వచ్చిండు" అన్నాడు.

"మీరు వెళుతుంటారా అటు?"

"లేదు మేడం. మా అయ్య సుత చూడలే గా ఊరు."

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, చూడని ఊరు తనది కావడంలో వింతేమీ లేనట్టు. అంబాదాస్ గారి కార్ఖానాకని చెప్పి ఎక్కాను. దారికి అడ్డొచ్చిన మరో ఆటో అతనితో మరాఠీలో గట్టిగా తగువులాడి, ఇటు తిరిగి మెత్తటి తెలుగులో "చాయ్ తాగి పోదమా? ఇంక కార్ఖానా తెరవలే" అని అడిగాడు. అల్లం బాగా దంచి వేసిన చిక్కటి చాయ్. పదిరూపాయల నోటు తీస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఊరి మనిషి దగ్గర చాయ్ పైసలు తీసుకుంటరా" అన్నాడు. తెనాలికీ కరీంనగర్‌కీ మధ్య ఎంత దూరముందో చెప్పబోయి ఊరుకున్నాను. అతని లెక్కలో తెలుగు మాట్లాడే నేలంతా ఒకే ఊరు.

సాంచాల మధ్య

అంబాదాస్ గారి వీధి సన్నగా ఉంటుంది. దుకాణాల బోర్డులు మరాఠీలో ఉంటే, గడపల మీద కూర్చుని ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ల కబుర్లన్నీ తెలుగులో. ప్రతి ఇంటి కింద మరమగ్గాలు. వాళ్లు సాంచాలంటారు. అవి నడుస్తుంటే వీధి నేల కూడా అదురుతుంది, ఆ అదురు చెప్పుల్లోంచి మోకాళ్లదాకా తెలుస్తుంది. మొదటి గంట తల పగిలిపోతుందనుకున్నాను. సాయంత్రానికి మనిషి పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటైంది.

అంబాదాస్ గారికి అరవై దగ్గరపడుతున్నాయి. జుట్టులో, కనుబొమ్మల్లో నూలు దూది. నన్ను వెంటబెట్టుకుని అంతా తిప్పారు. పూణే కంపెనీ వాళ్లు వచ్చి చూపించిన కంప్యూటర్ గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగింది. "గిట్ల వత్తితే చాలు మేడం, ఏ సాంచా మీద ఎవరి మాల్ ఎక్కిందో, అంచు ఏ రంగో, అంతా కనపడ్తది. ఎవరిని అడిగే పనే లేదు." దానికోసం హోట్గి రోడ్డు వైపు ఎప్పుడో కొనిపెట్టుకున్న ప్లాటు అమ్మేయడానికి సిద్ధపడ్డారు. ఇంత చిన్న కార్ఖానాకి అంత పెద్ద వ్యవస్థ ఎందుకు అని అడిగాను. "కాలం గట్లున్నది" అని మాత్రం అని, ముందు గదివైపు చూసి మాట మార్చారు.

ముందు గదిలో ఒక ఇనుప కుర్చీ. దానిలో ఆయన అక్క నర్సుబాయి. కార్ఖానాలో అందరికీ నర్సక్క. తండ్రి మంచం పట్టిన ఏడాదే, చిన్న వయసులో భర్త పోయి పుట్టింటికి తిరిగి వచ్చిందట. తమ్ముడు అప్పుడు బడికి వెళుతున్నాడు. కార్ఖానా తన మీద వేసుకుని, తమ్ముణ్ణి చదివించి, పెళ్లి చేసి, ఇవాళ్టికీ ఆ కుర్చీలోంచే నడుపుతోంది. నేసి దిగిన ప్రతి దుప్పటీ ఆమె ముందున్న బల్ల మీద పరవాలి. ఆమె అరచేత్తో ఒకసారి రాసి, తల ఊపితేనే మడత.

"మీదేవూరు బిడ్డా?" అని అడిగింది నన్ను.

"తెనాలి అక్కా."

"మస్తు దూరం. తిన్నవా మరి?"

రొట్టె, పల్లీల పొడి

భోజనం మేడ మీద వాళ్ల ఇంట్లోనే. అంబాదాస్ గారి భార్య జొన్నరొట్టెలు కాలుస్తుంటే నర్సక్క వడ్డించింది. మేము రొట్టెను పథ్యానికి తింటాం. అక్కడ రొట్టె లేకపోతే అన్నం తిన్నట్టు కాదు. పలచగా ఎండబెట్టి అప్పడంలా విరుచుకుని తినే కడక్ రొట్టె, దంచిన పల్లీల పొడి, దాని మీద పెరుగు. పళ్లెం మూలన ముదురాకుపచ్చగా ఏదో పచ్చడి కనిపిస్తే గోంగూర అనుకుని మా ఇంట్లో కలిపినట్టే ఇంత ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాను. అది పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి దంచిన ఠేచా. కళ్లనీళ్లు, ముక్కునీళ్లు ఏకమయ్యాయి. నర్సక్క నవ్వు ఆపుకోలేక బెల్లం ముక్క నా నోట్లో పెట్టి, వీపు నిమిరి, "ఏవూరు బిడ్డా మీది? కారం తినరా మీ దిక్కు?" అంది.

తెనాలి అని మళ్లీ చెప్పాను. గుంటూరు కారం గురించి చెప్పబోయాను. పెద్దవాళ్లు అడిగిందే అడగడం మామూలే కదా. ఆ భోజనం దగ్గర మిగతావాళ్లెవరూ నవ్వకుండా పళ్లేల్లోకి చూస్తుండడం మాత్రం గమనించాను.

చెప్పిన పటం, చూసిన పటం

మర్నాడు కాగితం పరుచుకుని పనిలో దిగాను. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, "ఇది తెలియకపోతే ఎవరిని అడుగుతారు?" అని అడగడమే. మగ్గాలకు నూలు కండెలు చుట్టే సుశీలను అడిగాను. నలభై ఏళ్లుంటాయి, చేతులు ఆగవు. "అక్కను అడుగుతం." సాంచాలు మరమ్మతు చేసి నడిపించే జాబర్ మల్లేశాన్ని, ఏ డిజైనుకు ఏ బెజ్జాల అట్టలు ఎక్కించాలో ఎలా తెలుసని అడిగాను. "అక్క చెప్తది." మడతలు వేసేవాళ్లూ అదే మాట. మధ్యాహ్నానికి నా కాగితం మీద గీతలన్నీ ఒకే చుక్క దగ్గరికి చేరాయి. ఇంత సులువైన పటం నేనెప్పుడూ గీయలేదు. అన్నీ ఒక్క తలలోనే ఉన్నాయి, ఆ తలకు వయసైపోతోంది, కాబట్టి యంత్రం కొనాల్సిందే. సాయంత్రం రైలెక్కేయొచ్చు అనిపించింది.

భోజనమయ్యాక ఊరికే ఒక మూల కూర్చున్నాను. అడగకుండా చూడడం కూడా నా పద్ధతిలో భాగమే.

నర్సక్క సుశీలను పిలిచి, "లాతూరు మాల్‌కు పచ్చ అంచు" అంది. "సరే అక్కా" అని వెళ్లిన సుశీల ఎర్ర నూలు కోన్లు తీసి కండెలకు పెట్టింది. మల్లేశం ఆ కండెల్నే సాంచాకి ఎక్కించాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కాసేపటికి నర్సక్క తయారైన కట్ట ఒకటి చూపించి బండిలో వేయమంది. మడతపెట్టే ఆవిడ దాన్ని ఎత్తుకుని గుమ్మందాకా వెళ్లి, పక్కగా తిరిగి మళ్లీ లోపల పెట్టి, ఇంకో కట్ట తీసి బండిలో వేసింది. అంతా ఎంతో నెమ్మదిగా, రోజూ ఇంట్లో దీపం పెట్టినంత అలవాటుగా.

నేను రెండో కాగితం తీశాను. చెప్పినవి కాకుండా చూసినవి గీశాను. ఈ పటంలో అడిగే గీతలన్నీ నర్సక్క దాకా వచ్చి ఆగిపోయాయి. పని నడిపించే గీతలు ఆమె కుర్చీ చుట్టూ తిరిగి వేరే దారిన పోతున్నాయి.

మల్లేశం చేతులు తుడుచుకుంటుంటే దగ్గరికి వెళ్లాను. "అక్క పచ్చ అన్నారు కదా?"

"బరోబర్. పచ్చనే అన్నది."

"మరి ఎర్ర పెట్టారు?"

"లాతూరు గిరాకీ ఎప్పుడూ ఎర్రనే తీసుకుంటడు మేడం."

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

అతను నా కాగితం వైపు చూశాడు. "సాంచా ఆగితే మాకు కూలి పడదు మేడం" అని చెప్పి వెళ్లిపోయాడు.

కుంభారి బస్సు

ఆ సాయంత్రం సుశీల, "మా ఇల్లు చూసి పోదురు రాండ్రి" అని కుంభారి బస్సెక్కించింది. బీడీ, మగ్గం పనివాళ్ల కోసం ఊరి బయట కట్టిన పెద్ద కాలనీ. కనుచూపు మేరంతా ఒకే రంగు, ఒకే ఎత్తు ఇళ్లు. ఇన్నేళ్లూ ఇరుకు అద్దె గదిలో ఉండి, ఇప్పుడు సొంత గడప దాటి లోపలికి పిలవడంలో ఆమెకున్న సంబరం చూడాలి. మా హైదరాబాద్‌లో సొంతిల్లు అనగానే ఊరికి ఎంత దూరమైనా పరవాలేదంటారు. సుశీల అలా అనలేదు. "ఇల్లు మంచిగనే ఉంది మేడం. బస్సు తప్పితే ఆ పూట పని పోతది. మా అత్తకు సుత పాత గల్లీ ముచ్చట్లే, ఈడ మాట్లాడ మనిషి లేదంటది" అంది.

కాళ్లు కడుక్కోవడానికి బయటి కుళాయి దగ్గరికి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు పక్కింట్లోకి వెళ్లిపోయాను. అదే గుమ్మం, అదే గోడ. లోపల బీడీలు చుడుతున్న ఒకామె నన్ను చూసి కంగారుపడకుండా లేచి, చెంబుతో మంచినీళ్లిచ్చి, "సుశీల ఇల్లు గిది గాదు, బాజూది" అంది. నీళ్లు తాగి, సిగ్గుపడుతూ బయటపడ్డాను.

చాయ్ ఇచ్చి సుశీల తనే మొదలుపెట్టింది. "మీరు చూసిండ్రు గదా మేడం."

చూశానన్నాను.

"పోయిన దీపావళి ముందట సంది. ఒకనాడు నన్ను మా అమ్మ పేరు పెట్టి పిలిచింది. మా అమ్మ అక్క దగ్గరనే కండెలు చుట్టేది, పోయి ఎన్నేండ్లాయె. నేను 'ఓ' అన్న. ఏం చేస్తం? కాదంటే ఆమె ముఖం ఎట్లనో అయితుండె." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అప్పటి సంది మేమే చూసుకుంటున్నం. అక్క చెప్తది, మేం సరే అంటం. పాత మాల్ చూసి, యాదికున్నంత చేస్తం."

"అంబాదాస్ గారికి తెలుసా?"

"తెల్వనియ్యలే. తెలిస్తే అక్కను ఇంట్ల కూచోబెడ్తడు. ఆమె ఉండదు మేడం." నా వైపు తిరిగి అడిగింది. "మీ కంప్యూటర్ వస్తే అక్క చెప్పింది ఒకటి, మేం చేసింది ఒకటి అని అందుల పడ్తదా?"

పడుతుంది. అది చేసే పనే అది. చెప్పినదానికీ చేసినదానికీ తేడా వస్తే రోజు చివర ఎర్రగా చూపిస్తుంది. ఆ సంగతి చెప్పాను. సుశీల చాయ్ గ్లాసులు తీసి లోపల పెట్టింది. బస్సు దగ్గరికి వచ్చి, ఎక్కేదాకా నా చెయ్యి పట్టుకునే ఉంది.

హోట్గి రోడ్డు

తెల్లవారి నేను కార్ఖానాలో అడుగుపెట్టేసరికి నర్సక్క ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని సిద్ధంగా ఉంది. "అందరిని అడిగినవ్, నన్నొక్కదాన్ని అడగలే. నడువ్, మాకు నూలు రంగులేసే కార్ఖానా చూపెడ్త. నా పెండ్లి గాకముందు సంది పోతున్న ఆడికి" అంది. ఆటో ఎక్కాం. హోట్గి రోడ్డు వైపు పొమ్మంది.

దారంతా హుషారుగానే ఉంది. రంగు నీళ్లలో నూలు ముంచితే ఏ ఛాయ ఎండాక ఎలా మారుతుందో చెప్పింది. నలుపు అన్ని రంగులకంటే మొండిదంది. వాన పడే రోజుల్లో ఎర్ర వేయించకూడదంది. ఈమెకు మరుపేమిటి, సుశీల పొరబడిందేమో అనుకున్నాను. తర్వాత "గిటు తిప్పు" అంది. కాస్త పోయాక "గటు". మళ్లీ వెనక్కి. కొత్త కాలనీలు, అపార్టుమెంట్లు దాటాం. దాటిన గేటే మళ్లీ దాటాం. ఆటో అబ్బాయి విసుక్కుని, అసలు ఎక్కడికి పోవాలో చెప్పమని మరాఠీలో గట్టిగా అడిగాడు. ఆమె చుట్టూ చూసింది. ఆపమంది. దిగి, మూసి ఉన్న ఒక గేటు మెట్టు మీద కూర్చుంది.

పక్కన కూర్చున్నాను. ఎండ చుర్రుమంటోంది. ఆమె చెయ్యి తీసుకుంటే చల్లగా ఉంది.

"దారి తెలుస్తలేదు బిడ్డా."

"రోడ్లన్నీ మారిపోయాయి కదక్కా. ఎవరికైనా..."

"రోడ్డు గాదు. రోడ్డు మంచిగనే ఉన్నది." చేతిసంచీ ఒళ్లోకి తీసుకుంది. "నువ్వొచ్చిన కాడినుంచి నాకు గుండెల దడనే. అందరిని నీకేం తెలుసు, నీకేం తెలుసని అడుగుతున్నవ్. నా దగ్గరికి ఎప్పుడొస్తవో అని చూస్తున్న. నిన్న రాలే. నిద్ర పట్టలే. ఇయ్యాల నేనే తీసుకొచ్చి నీకు దారి చూపెడదమనుకున్న. నాకు తెలుసు అని."

నేను ఎన్నో ఊళ్లలో, ఎందరినో ఆ ప్రశ్న అడిగాను. నవ్వుతూ, చాయ్ తాగుతూ, మెత్తగా. ఆ ప్రశ్నకు ఒక మనిషి రాత్రంతా భయపడగలదని నాకు ఎన్నడూ తోచలేదు.

"తమ్మునికి చెప్పకు" అంది. "వాడు చిన్నోడు. ఆగమైతడు."

చెప్పనన్నాను.

"సుశీల, మల్లేశం ఏమన్నా కనిపెట్టిండ్రా?"

"లేదక్కా" అన్నాను.

ఆమె ఊపిరి తీసుకుంది. తర్వాత చాలా మామూలుగా, మార్కెట్లో కూరగాయల సంగతి అడిగినట్టు అడిగింది. "వాడు తెస్తనంటున్న కంప్యూటర్ ఉన్నది గదా. అది నాకు యాది చేస్తదా?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఒకటి అప్పుడే చెప్పాను, ఇంకోటి నోరు దాటలేదు. "చేయదక్కా. ఎవరో చెప్పి పెడితేనే దానికి తెలుస్తుంది."

"గదే అనుకున్న" అంది.

ఆటో అబ్బాయి ఈలోగా బండి దిగి వచ్చి, ఏమనుకున్నాడో, తన సీసాలోంచి ఆమెకు నీళ్లిచ్చాడు. వీధి పేరు నేను చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు ఆమె రంగుల గురించి ఏమీ చెప్పలేదు. కార్ఖానా ముందు దిగేటప్పుడు మాత్రం చీర కుచ్చెళ్లు సర్దుకుని, మల్లేశం చూస్తుంటే గట్టిగా, "అంతా చూపెట్టిన మేడంకు" అంది.

మేడ మీద

ఏం చెప్పాలో తెలియక ఆ మర్నాడు అంబాదాస్ గారి ముందు మొదటి కాగితం ఒక్కటే పెట్టాను. రెండోది మడిచి సంచీలో ఉంచాను. మేడ మీద ఇద్దరమే ఉన్నాం, కాళ్ల కింద సాంచాల అదురు. ఆయన కాగితం వైపు చూడనేలేదు.

"అక్క సంగతి మీకు అర్థమైంది గదా మేడం?"

నేను కాగితాన్ని ఆయన వైపు జరిపాను. మాటిచ్చాను.

"మీరు చెప్పకుండ్రి. నాకు తెలుసు. అందరికంటే ముందు నాకే తెలిసింది. ఒకనాడు అన్నం పెట్టుకుంట, 'నీ పెండ్లి ఎప్పుడు చెయ్యాల్రా, మంచి సంబంధముంది' అన్నది. నా బిడ్డల పెండ్లిళ్లు ఆమెనే చేసింది మేడం." వేలితో కిందికి చూపించారు. "కార్ఖానాల ఎవరికీ తెల్వకుండ చూసుకొస్తున్న. తెలిస్తే అక్క మాట ఎవరు వింటరు? అందుకే కంప్యూటర్. అక్క ఆ కుర్చీలనే కూచుంటది. ఏం చెప్పినా పర్వాలేదు. అసలుది కంప్యూటర్ల ఉంటది."

ప్లాటు ఎందుకు అమ్మబోతున్నారో అప్పుడు అర్థమైంది. వ్యాపారం కోసం కాదు. అక్కను ఆ కుర్చీలో ఉంచడం కోసం.

రెండో కాగితం తీసి ఆయన ముందు పరిచాను. గీతలు కుర్చీ చుట్టూ ఎలా తిరిగి పోతున్నాయో చూపించాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. తర్వాత వేలు పెట్టి ఒక్కొక్క గీత వెంట వెళ్లారు. సుశీల, మల్లేశం, మడతలు వేసే ఆవిడ.

"వీళ్లకు తెలుసా?"

తల ఊపాను.

"ఒక్కరు సుత నాకు చెప్పలే."

"మీరు వాళ్లకు చెప్పారా?"

ఆయన నవ్వబోయారు. అది నవ్వు కాలేదు. పంచె అంచుతో కళ్లు ఒత్తుకున్నారు. ఇంతకాలం ఒకే కప్పు కింద, ఒక్క నర్సక్క మనసు నొచ్చుకోకుండా ఉండడానికి అందరూ అందరికీ తెలియకుండా దాచుకున్నారు.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ యంత్రం కొనొద్దు. దానికి ఎవరో ఒకరు చెప్పి పెట్టాలి. నర్సక్కకు తెలిసినదాంట్లో కొంత ఈ ముగ్గురి చేతుల్లోకి ఎప్పుడో వచ్చేసింది. రానిది ఇప్పుడు ఆమె దగ్గరా లేదు. లేనిదాన్ని ఏ యంత్రంలోనూ పెట్టలేం. పైగా ఆమె పచ్చ అన్నదీ వీళ్లు ఎర్ర వేసిందీ రోజూ తప్పుగా చూపిస్తుంది. ప్రతి మాల్ నుంచీ చెయ్యంత గుడ్డ ముక్క కత్తిరించి, గిరాకీ పేరు రాసి గోడకు తగిలించండి. సుశీలకు, మల్లేశానికి దాపరికం లేకుండా పని అప్పగించండి. అంతకంటే మీకేం అక్కర్లేదు.

"అంటే అక్కను కుర్చీల నుంచి లేపమంటున్నరా?"

"నేను ఆ మాట అనలేదండీ."

"ఇంకేం మాట మిగిలింది మేడం" అన్నారు. కోపంగా కాదు.

కిందికి దిగిన తర్వాత ఆయన ఎక్కువ ఆలస్యం చేయలేదు. చేస్తే చెప్పలేననుకున్నారేమో. సుశీలను, మల్లేశాన్ని ముందు గదిలోకి పిలిచి, అక్క కుర్చీ పక్కన కింద కూర్చున్నారు. సాంచాలు ఆపించలేదు. ఆ హోరులోనే, ఆమె చెవి దగ్గర, "అక్కా, ఇగనుంచి రంగులు, ఆర్డర్లు సుశీల చూసుకుంటది. నీకు శ్రమ ఎక్కువైతున్నది. నువ్వు ఊరికే కూచో, చాలు" అన్నారు. సుశీల ఏడుస్తోంది. మల్లేశం నేల చూపులు చూస్తున్నాడు.

నర్సక్క తమ్ముణ్ణి చూడలేదు. వాళ్లిద్దరినీ చూడలేదు. నా వైపు చూసింది.

"చెప్పినవా" అంది.

హోరులో ఆ మాట వినపడలేదు. పెదవుల మీద చూశాను.

"లేదక్కా, నేను చెప్పలేదు" అన్నాను. ఆమె నా పెదవులు చూడలేదు. అప్పటికే ముఖం తిప్పుకుంది. ఎదురుగా బల్ల మీద పరిచిన దుప్పటిని అరచేత్తో ఒకసారి రాసి, అలవాటుగా తల ఊపి, లేచి, గోడ పట్టుకుంటూ మేడ మెట్లెక్కింది. అంబాదాస్ గారు వెనకే పోబోతే చేత్తో వద్దంది.

నేను వెళ్లొస్తానని చెప్పడానికి పైకి వెళ్లాను. పడుకున్నారని ఆయన భార్య గుమ్మంలోనే చెప్పింది. దారిలో తినమని కడక్ రొట్టెలు, పల్లీల పొడి పొట్లం కట్టి ఇచ్చింది. తలుపు సందులోంచి నర్సక్క కనిపించింది. పడుకోలేదు. మంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తోంది.

తిరిగి వచ్చాక

ఇంటికి వచ్చాక అంబాదాస్ గారితో రెండు మూడుసార్లు మాట్లాడాను. పూణే వాళ్లను వద్దన్నారు. ప్లాటు అమ్మలేదు. గోడ నిండా గుడ్డముక్కలు తగిలించారట. లాతూరు మాల్ ఎర్ర అంచుతోనే, వేళకు వెళ్లిందట. "మీ లెక్క తప్పు గాలేదు మేడం" అన్నారు. నేను అక్క గురించి అడిగితే, "ఉన్నది" అనేవారు. ఆమెకు నేను చెప్పలేదని మీరైనా చెప్పండి అని అడిగాను. చెప్పారట. "ఎవరు?" అందట. నేనెవరో ఆమెకు గుర్తు లేదు. నా మీద ఆమెకిక కోపం లేదని సంతోషించాలో ఏమో నాకు తెలియలేదు.

మొన్న ఒక మధ్యాహ్నం, క్లాసు అయిపోయి గదిలో కూర్చున్నప్పుడు ఆయన ఫోన్ చేశారు. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత స్పష్టంగా వినిపించింది. వెనక ఏ చప్పుడూ లేదు.

"కరెంటు పోయిందా అండీ?"

"కరెంటున్నది మేడం. అక్క పండుకున్నది. సాంచాల చప్పుడంటే భయపడుతున్నది ఇప్పుడు. ఏంది గా చప్పుడు, ఎవరొస్తున్నరు అంటది. పగలు కండ్లు మూస్తలేదు, ఒక్కటే ఏడుపు. గందుకే అన్నం తిన్నంక ఆమె పండుకున్నంత సేపు బంద్ పెడుతున్నం."

సాంచా ఆగితే కూలి పడని మనుషులు వాళ్లు. ఆ మాటే అడిగాను.

"నేను చెప్పలే మేడం. వాళ్లే బంద్ చేసిండ్రు. మల్లేశం మొదటి రోజు తన సాంచా ఆపిండు, ఇగ అందరు ఆపిండ్రు. కూలి ఇస్తనంటే తీసుకుంటలేరు."

నేను ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను. ఆయనా ఫోన్ పెట్టలేదు. అటువైపు కార్ఖానా అంతా నిశ్శబ్దంగా ఉంది. ఎవరో గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, ఎక్కడో చాయ్ గ్లాసు కింద పెట్టిన చప్పుడు. కాసేపటికి ఆయన మెల్లగా, "లేచినట్టున్నది, ఉంట మేడం" అన్నారు. పెట్టేసేలోగా నాకు మెట్ల మీదుగా ఒక ముసలి గొంతు వినిపించింది. పనివాళ్లంతా ఎటు పోయిండ్రు, సాంచాలు ఎందుకు ఆగినయ్ అని గట్టిగా అడుగుతోంది.